నిజాం బంగారం ఐదు టన్నులా? ఒక గ్లాసు నీళ్లు, మా అమ్మ గొలుసు

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. కొన్ని నెలల కింద నిజాం మీద ఒక వీడియో చేశాను కదా, దాంట్లో 1965 యుద్ధం టైమ్‌లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దేశానికి ఐదు టన్నుల బంగారం దానం చేశాడని చాలా ధీమాగా చెప్పేశాను. వాట్సాప్‌లో చదివాను, ఇంకో నాలుగు వీడియోల్లో విన్నాను, సరిపోయింది అనుకున్నాను.

కింద కామెంట్లలో పెద్ద యుద్ధమే నడిచింది. నిజాం దానకర్ణుడు అని కొందరు, పిసినారి అని కొందరు. ఆ గోలలో ఒక్క కామెంట్ మాత్రం నన్ను గుచ్చింది. "అన్నా, ఐదు టన్నుల బంగారం అంటే ఎంతుంటదో ఎప్పుడన్న లెక్క కట్టినవా?" అంతే. తిట్టలేదు, ఏం లేదు. నేను బీటెక్ చదివినోణ్ణి, నాలుగేళ్లు కోడ్ రాసినోణ్ణి, లెక్క కట్టలేదు. మీరే చెప్పండి, ఐదు టన్నుల బంగారం అంటే మీ కళ్ల ముందు ఏం కనిపిస్తుంది? నాకైతే ఒక గది నిండా బిస్కెట్లు కనిపించాయి, సినిమాలో చూపించినట్టు.

ఆ లెక్క దగ్గరికి వెళ్లే ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ఎందుకంటే నాకు బంగారం అంటే ఏంటో నేర్పింది నిజాం కాదు, మా అమ్మ గొలుసు.

మాది ఉప్పుగూడ. రైల్వే స్టేషన్ బోర్డు మీద హుప్పుగూడ అని ఉంటుంది, అది మా ఊళ్లో పాత జోకు. 2014లో నాకు బీటెక్ సీటొచ్చింది. ఫీజుకు డబ్బులు తక్కువ పడితే అమ్మ రెండు తులాల గొలుసు అమ్ముదామని తీసి, నన్ను వెంటబెట్టుకుని ఒక సేటు దుకాణానికి పోయింది. ఆయన గొలుసు తీసుకుని నల్లటి రాయి మీద ఒక గీత గీశాడు. పక్కనే తన దగ్గరున్న పుల్లతో ఇంకో గీత. రెండిటి మీదా ఒక చుక్క యాసిడ్ వేశాడు. కాసేపు చూసి, "అమ్మా, ఇది 22 కాదు, 18 ఉంటది" అన్నాడు.

అమ్మకు మాట రాలేదు. ఆమె లెక్క ప్రకారం అది మేలిమి బంగారం, పెళ్లికి మా తాత చేయించింది. గొలుసు లాక్కుని బయటికొచ్చేసింది. ఫీజుకు గాజులు వేరే చోట కుదువ పెట్టాం. ఆ తర్వాత పదేళ్లు, చుట్టాల్లో ఎవరు బంగారం మాట ఎత్తినా, "ఆ సేటు దగ్గరికి మాత్రం పోకండి, మోసగాడు" అని చెప్తూనే ఉండేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ముందు రంగు చూద్దాం. ప్రపంచంలో లోహాలు చాలా ఉన్నాయి, దాదాపు అన్నీ తెల్లగానో బూడిద రంగులోనో ఉంటాయి. వెండి, ఇనుము, అల్యూమినియం, తగరం, అన్నీ ఆ కుటుంబమే. మనం రోజూ చూసేవాటిలో తేడాగా ఉండేవి రెండే, ఒకటి రాగి, ఇంకోటి బంగారం. ఎందుకు? బంగారం పరమాణువు బరువైంది, కేంద్రకంలో 79 ప్రోటాన్లు ఉంటాయి. ఆ లాగుడుకి లోపలి ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో సగానికి పైగా వేగంతో తిరుగుతాయి. అంత వేగం దగ్గర ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం పనిచేయడం మొదలవుతుంది. దాని వల్ల ఎలక్ట్రాన్ల శక్తి మెట్ల మధ్య దూరం తగ్గి, బంగారం నీలం రంగు కాంతిని మింగేస్తుంది. నీలం పోతే మనకు మిగిలేది పసుపు. వెండిలో అదే మెట్టు ఇంకా ఎత్తుగా ఉంటుంది, అది కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని మింగుతుంది, అందుకే తెల్లగా మెరుస్తుంది. అంటే అమ్మమ్మ కమ్మల పసుపు రంగు వెనక ఐన్‌స్టీన్ ఉన్నాడు. ఇది నాకు ఇంటర్లో ఎవరన్నా చెప్పుంటే ఫిజిక్స్ మీద అంత పగ ఉండేది కాదు.

ఇంకో విషయం, బంగారం తుప్పు పట్టదు, గాలితో నీళ్లతో దానికి పేచీ లేదు. మామూలు యాసిడ్లు ఒక్కొక్కటిగా దాన్ని ఏమీ చేయలేవు. నైట్రిక్, హైడ్రోక్లోరిక్ యాసిడ్లు రెండూ కలిపితేనే కరుగుతుంది, ఆ మిశ్రమానికి రాజద్రావకం అని పేరు. వెయ్యేళ్లు మట్టిలో ఉన్న నాణెం కడిగితే మొన్న కొట్టినట్టు ఉండటానికి కారణం ఇదే.

ఇక్కడే చిక్కు కూడా ఉంది. శుద్ధ బంగారం చాలా మెత్తన. దాంతో గొలుసు చేస్తే వంగిపోతుంది, అరిగిపోతుంది. కాబట్టి రాగి, వెండి కలుపుతారు. 24 పాళ్లలో 22 పాళ్లు బంగారమైతే 22 క్యారెట్లు. 22ని 24తో భాగిస్తే 0.916, మీ నగ మీద కనిపించే 916 అదే. రాగి ఎక్కువైతే ఎరుపు తిరుగుతుంది, వెండి ఎక్కువైతే పాలిపోతుంది. రెండూ లెక్కగా కలిపితే? 18 క్యారెట్ల నగ కూడా చూడ్డానికి నిగనిగలాడుతుంది. పైగా మెరుగు పెట్టే పద్ధతి ఒకటుంది. నగను వేడిచేసి యాసిడ్‌లో ముంచితే పైపొరలో ఉన్న రాగి పోయి, పైన బంగారం ఎక్కువున్న తోలు ఒకటి మిగులుతుంది. లోపల ఏముందో కంటికి తెలీదు.

అందుకే మన వాళ్లు కంటిని నమ్మకుండా గీటురాయి పట్టుకున్నారు. గీత రంగును తెలిసిన బంగారం గీతతో పోల్చడం, దాని మీద నైట్రిక్ యాసిడ్ వేసి ఏది మాయమవుతుందో చూడటం. యాసిడ్ రాగిని, వెండిని తినేస్తుంది, బంగారాన్ని ముట్టదు. కల్తీ ఎక్కువున్న గీత పలచబడిపోతుంది. భాషలో కూడా చూడండి, వన్నె అంటే రంగు, అదే స్వచ్ఛతకు కొలత కూడా అయింది. పదహారు వన్నెల బంగారం అంటే ఇంక కల్తీ లేనిది అని. అక్బర్ కాలపు ఐన్-ఇ-అక్బరీలో అబుల్ ఫజల్ ఇరాన్‌లో పది మెట్లు, ఇక్కడ పన్నెండు మెట్లు అని రాశాడు. మెట్లు వేరైనా పని ఒకటే, రాయి మీద గీత.

గీటురాయికి అనుభవం ఉన్న కన్ను కావాలి. అది మనకు లేదు. మరి మనలాంటోళ్లకు ఏం దిక్కు? బరువు.

బంగారం సాంద్రత ఒక ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములు. అంటే నీళ్లకంటే 19 రెట్లకు పైన. సీసం బరువు అంటాం కదా, సీసం 11.3 మాత్రమే. వెండి 10.5, రాగి 9 లోపే. బంగారంలో వీటిలో ఏది కలిపినా సాంద్రత కిందికి జారాల్సిందే. 22 క్యారెట్లయితే 17.7 దగ్గర, 18 క్యారెట్ల పసుపు బంగారమైతే 15.5 దగ్గర ఉంటుంది. రంగుని ఎలాగైనా సర్దొచ్చు, దీన్ని సర్దడం కష్టం. టంగ్‌స్టన్ 19.25తో బంగారానికి దగ్గరగా వస్తుంది, బిస్కెట్ల లోపల దాన్ని పెట్టి మోసం చేసిన కేసులు ఉన్నాయి. గొలుసుల్లో అది కుదరదు, చాలా గట్టిది, పెళుసు.

(ఇక్కడ స్కేలు చూపించాను, వీడియోలో చూడండి.) ఇది గ్రాములో వందో వంతు చూపించే చిన్న స్కేలు, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ముందు నగ బరువు చూసుకోవాలి. తర్వాత స్కేలు మీద గ్లాసులో నీళ్లు పెట్టి, రీడింగ్ సున్నా చేయాలి. నగను దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి, అడుగుకి గానీ గోడకి గానీ తగలొద్దు. అప్పుడు స్కేలు మీద కనిపించే గ్రాములే నగ ఎన్ని ఘన సెంటీమీటర్లుందో చెప్తాయి. మొదటి అంకెను రెండో అంకెతో భాగించండి. గొలుసులో గాలి బుడగలు ఇరుక్కుంటే లెక్క తప్పుతుంది, కాబట్టి నీళ్లలో బాగా ఆడించండి. రాళ్లు పొదిగిన వాటికి, లక్క నింపిన వాటికి ఈ పద్ధతి పనికిరాదు.

ముందు అమ్మ గాజు పెట్టాను. గాల్లో 20.40, నీళ్లలో 1.15. భాగిస్తే 17.7. బాగుంది, 22 క్యారెట్లే. తర్వాత గొలుసు. గాల్లో 23.20. నీళ్లలో 1.50. మూడుసార్లు చేశాను, ఆడించి ఆడించి చేశాను. 15.5.

సేటు నిజమే చెప్పాడు.

అమ్మకు ఎలా చెప్పాలో అర్థం కాక ఆ రోజు చెప్పలేదు. ఎందుకంటే దీనికి ఇంకో అర్థం ఉంది కదా. మోసం జరిగింది, కానీ అది మా తాత గొలుసు చేయించిన చోట జరిగింది. మా తాతకు తెలియదు. ఆయన ఆ బరువుకు 22 క్యారెట్ల డబ్బులు కట్టి, కూతురి మెడలో వేసి, సంతోషంగా పోయాడు. అప్పట్లో హాల్‌మార్క్ ముద్ర తప్పనిసరి కాదు, అది 2021 జూన్ నుంచే, అదీ కొన్ని జిల్లాలతో మొదలైంది. మా తాతల కాలంలో అంతా నమ్మకం మీదే.

సరే, ఇప్పుడు నిజాం దగ్గరికి. ఐదు టన్నులను 19.3తో భాగిస్తే ఎంత? 259 లీటర్లు. అంతే! మనింటికి ఆటోలో వచ్చే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు 13. గది కాదు కదా, గదిలో మూల కూడా నిండదు. మా మేడ మీదున్న 500 లీటర్ల ట్యాంకులో సగానికి కాస్త పైన. నా ఊహ ఎంత తప్పో చూడండి. అదే టైమ్‌లో ఇంకో వైపు కూడా తప్పే, ఆ క్యాన్ ఒక్కటి బంగారంతో నింపితే 386 కిలోలు. మన వాటర్ క్యాన్ అన్న భుజాన వేసుకుని మూడో అంతస్తు ఎక్కలేడు. ఎలా చూసినా మన అంచనా బంగారం దగ్గర పనిచేయదు. చూస్తే చిన్నది, ఎత్తితే కదలదు.

కాబట్టి నిజాయితీగా చెప్పాలంటే, లెక్క ఒక్కటే ఐదు టన్నుల కథను అబద్ధం అని తేల్చలేదు. 13 క్యాన్ల బంగారం ఉండటం అసాధ్యమేమీ కాదు, అప్పట్లో ప్రపంచంలో అత్యంత ధనవంతుడని పేరున్న మనిషి దగ్గర. తేల్చాల్సింది కాగితాలు.

కాగితాలు ఏం చెప్తున్నాయంటే, 1965 చివర్లో, యుద్ధం అయిపోయాక, దేశానికి విదేశీ మారకద్రవ్యం అవసరమై కేంద్రం బంగారు బాండ్లు తెచ్చింది. బంగారం ఇవ్వండి, బాండు తీసుకోండి, గడువు తీరాక వాపసు. ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి డిసెంబరులో హైదరాబాద్ వచ్చినప్పుడు బహిరంగ సభలో నిజాంను అభినందించారు, 4.25 లక్షల గ్రాముల బంగారం బాండ్లలో పెట్టినందుకు. ఆనాటి పత్రికల్లో వచ్చిన విషయం ఇది. 4.25 లక్షల గ్రాములు అంటే 425 కిలోలు. దానం కాదు, పెట్టుబడి. తర్వాత సమాచార హక్కు చట్టం కింద అడిగితే, ఐదు టన్నుల దానం గురించి తమ దగ్గర సమాచారం లేదని జాతీయ రక్షణ నిధి నుంచి జవాబొచ్చింది. బంగారం ఇచ్చి, ఇనప పెట్టెలు మాత్రం తిరిగి ఇమ్మన్నాడనే కథ కూడా దీనికి తోకలాగా తిరుగుతుంటుంది. చెప్పుకోడానికి భలే ఉంటుంది, అంతే.

425 కిలోలు అంటే 22 లీటర్లు. ఒక క్యాను, దాని పక్కన ఒక రెండు లీటర్ల బాటిల్. నేను 13 క్యాన్లు అని చెప్పాను.

ఇది విని నిజాంను తక్కువ చేస్తున్నా అనుకునేవాళ్లకు, లేదా "చూశావా, నేను ముందే చెప్పా" అని ఎగిరేవాళ్లకు ఒక మాట. 425 కిలోలు చిన్నదేం కాదు. యుద్ధం అయిపోయిన మూడు నెలలకు, ప్రభుత్వం ఇచ్చిన కాగితం నమ్మి బంగారం అప్పజెప్పడం కూడా చిన్న పనేం కాదు. అప్పటి పరిస్థితి చూడండి. 1963లో వచ్చిన బంగారం నియంత్రణ నిబంధనల ప్రకారం కొత్త నగలు 14 క్యారెట్లు మించి చేయకూడదు. దేశమంతా అవుసలోళ్ల ఇళ్లలో పొయ్యి వెలగలేదు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. కొన్నేళ్లకు ఆ 14 క్యారెట్ల షరతు తీసేశారు కానీ నియంత్రణ చట్టం పూర్తిగా పోయింది 1990లోనే. అలాంటి రోజుల్లో జనం బంగారాన్ని దాచుకున్నారు, బయటికి తీయలేదు.

నాకు ఈ కథలో బాగా నచ్చింది ఇంకొకటి. నిజాం ఇచ్చిన వాటిలో పాత మొహర్లు ఉన్నాయి. శాస్త్రి ఆ సభలోనే, వీటిని కరిగించం, విదేశాలకు పంపితే పాత నాణేలుగా ఎక్కువ ధర వస్తుంది అన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. బరువు ప్రకారం దాదాపు 50 లక్షలు, నాణేలుగా అయితే కోటి రావచ్చని ఆశ. అదే లోహం, అదే బరువు, ముద్ర ఉంటే ఇంకో ధర. 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర బంగారం కరిగిపోతుంది, ముద్ర పోతుంది, బంగారం ఒక్క గ్రాము కూడా తగ్గదు.

ఆ ముద్రలు వేసిన చోటు మాకు చాలా దగ్గర. హైదరాబాద్ టంకశాల 1803లో మొదలైంది సుల్తాన్ షాహీలో. ఉప్పుగూడ నుంచి లాల్ దర్వాజా మీదుగా చార్మినార్‌కు పోయేవాళ్లకు ఆ పేరు బాగా తెలుసు. టంకశాల 1903లో సైఫాబాద్‌కు మారింది, ఆ పాత భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. చివరి ఇద్దరు నిజాంల అష్రఫీ మీద చార్మినార్ బొమ్మ ఉంటుంది. ఒక్కో అష్రఫీ 11.178 గ్రాములు, స్వచ్ఛత 0.910. మన 916కి వెంట్రుకవాసి తక్కువ. ఆ 425 కిలోలు మొత్తం అష్రఫీలే అనుకుంటే, ఊరికే లెక్క కోసం, 38 వేల నాణేలు.

ఇంకా పెద్ద నాణెం ఒకటుంది. జహంగీర్ 1613లో ఆగ్రాలో కొట్టించిన వెయ్యి తులాల మొహర్. వ్యాసం 20.3 సెంటీమీటర్లు, బరువు 11.9 కిలోల పైచిలుకు. అది నిజాంల దగ్గరికి చేరింది. 1987 నవంబరులో జెనీవాలో వేలానికి వచ్చిందనే వార్తతో సీబీఐ దాని కోసం వెతికింది, 2022లో మళ్లీ వార్తల్లోకొచ్చింది. మన లెక్క దీని మీద వేద్దాం. శుద్ధ బంగారం అనుకుంటే 618 ఘన సెంటీమీటర్లు, ఆ వ్యాసానికి మందం రెండు సెంటీమీటర్ల లోపే. అంటే మనం టిఫిన్ తినే ప్లేటంత వెడల్పు, బొటనవేలంత మందం. అంత చిన్నది ఎత్తాలంటే 12 కిలోలు. ఎవరైనా చేతిలోకి తీసుకున్న మొదటి క్షణంలో ఏమనుకున్నారో అని నాకు భలే ఉంటుంది. దాని ఫొటో చూసి ఎంత ఉంటుందో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు.

ఎత్తలేనంత బరువున్న ఈ లోహమే ఊదితే ఎగిరిపోతుంది, అది కూడా చార్మినార్ దగ్గరే చూశాను. వరఖ్ కొట్టేవాళ్లు ఇప్పుడు కొద్దిమందే మిగిలారు. తోలు పొరల మధ్య చిన్న ముక్క పెట్టి గంటలకొద్దీ సుత్తితో కొడతారు, టక్ టక్ మని ఆగకుండా. ఎక్కువగా వెండే, బంగారం వరఖ్ తక్కువ. ఒక గ్రాము బంగారాన్ని ఒక చదరపు మీటరు దాకా సాగదీయొచ్చు. అప్పుడు దాని మందం మీటరులో వంద కోట్లవ వంతును 52 సార్లు పేర్చినంత, అంటే 52 నానోమీటర్లు. అంత పలుచని రేకును లైటుకు అడ్డంగా పట్టుకుంటే వెనక నుంచి పచ్చటి వెలుతురు వస్తుంది, ఆకుపచ్చ. 1850ల్లో మైకేల్ ఫారడే దీని మీద ప్రయోగాలు చేశాడు. పైన పసుపు, ఆరపార చూస్తే ఆకుపచ్చ. మళ్లీ రంగు దగ్గరికే వచ్చాం చూడండి.

పాత వీడియో తీసేయమని కొందరన్నారు. తీసేయను. పైన కామెంటు పిన్ చేశాను: "ఐదు టన్నులు తప్పు, 425 కిలోలు, దానం కాదు, బాండ్లు." ఆ ప్రశ్న అడిగిన తమ్ముడికి థాంక్స్.

అమ్మకు చివరికి చెప్పాను. గ్లాసు, స్కేలు ముందు పెట్టి ఆమె చేతే చేయించాను. అంకె చూసి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "పాపం, ఆ సేటును అందరి ముందు ఎన్ని మాటలన్న" అంది. ఆ దుకాణం ఉన్న చోట ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. పక్క షాపుల్లో అడిగాను, ఎటు పోయారో తెలీదన్నారు. ఎవరికైనా ఉప్పుగూడ వైపు గీటురాయి పెట్టుకుని కూర్చునే పెద్దాయన ఒకాయన గుర్తుంటే నాకు మెసేజ్ చేయండి, పేరు పబ్లిక్‌గా పెట్టొద్దు. అమ్మ ఒకసారి కలవాలంటోంది.